ముడిసరుకు వృథా: ఏ మెరుగుదల పద్ధతి ఎక్కడ పనికొస్తుంది?

ముడిసరుకు వృథాను తగ్గించుకోవాలని పూనుకున్న కర్మాగారం ముందు ఒకేసారి చాలా దారులు కనిపిస్తాయి. పనిచేసేవారి సూచనలతో రోజూ కొద్దికొద్దిగా సరిదిద్దుకుంటూ పోయే కైజెన్ ఉంది. గణాంకాల సాయంతో ఒక్క సమస్యను పట్టుకుని మూలం దాకా తవ్వే సిక్స్ సిగ్మా ఉంది. యంత్రాల స్థితిని కాపాడే టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్), సెట్టింగ్ మార్చే సమయాన్ని కుదించే స్మెడ్ (సింగిల్ మినిట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ డై), పోతున్న సరుకుకు అసలు ఖర్చు కట్టి చూపే ఎంఎఫ్‌సీఏ (మెటీరియల్ ఫ్లో కాస్ట్ అకౌంటింగ్) ఉన్నాయి. ఇవేవీ కాకుండా డిజైనునో డైనో (సరుకును కోసే లేదా ఆకారమిచ్చే అచ్చునో) మార్చేసే ఇంజనీరింగ్ దారి కూడా ఉంది. ప్రతి పద్ధతికీ దాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవారు ఉన్నారు, దానితో నిజంగా లాభపడిన సంస్థలూ ఉన్నాయి. కాబట్టి వీటిలో ఏది గొప్పదని అడిగితే సమాధానం దొరకదు. మన దగ్గర సరుకు ఏ దశలో, ఏ రూపంలో, ఏ కారణం చేత పోతోందని అడిగితే మాత్రం తగిన పద్ధతి చాలావరకు దానంతటదే తేలుతుంది.

సరుకు పోయే తీరును బట్టి నష్టాలు ప్రధానంగా నాలుగు రకాలు. మొదటిది ఆకారం వల్ల వచ్చే నష్టం: షీటులోంచి బిళ్లలు కోశాక మిగిలే చిల్లుల పట్టీ, రంపం మందం మేర పొడిగా రాలిపోయే లోహం లేదా కలప, ప్లాస్టిక్ మోల్డింగ్‌లో అచ్చులోకి సరుకు పారే కాలువలో వస్తువుతో పాటే గట్టిపడే రన్నరు ఈ కోవలోకి వస్తాయి. రెండోది యంత్రాన్ని మొదలుపెట్టేటప్పుడు, ఒక ఉత్పత్తి నుంచి ఇంకొకదానికి మార్చేటప్పుడు పోయే సరుకు. మూడోది హెచ్చుతగ్గుల వల్ల వచ్చే నష్టం. ఇందులో కొలత తప్పి రిజెక్టయ్యే వస్తువులతో పాటు, కొలత తప్పుతుందేమోనన్న భయంతో అవసరానికి మించి నింపే లేదా మందంగా పూసే సరుకు కూడా ఉంటుంది. నాలుగోది నిల్వ వల్ల వచ్చేది: గడువు దాటిన రసాయనం, తుప్పుపట్టిన కాయిల్ (లోహపు రేకు చుట్ట), ఆర్డరు రద్దయ్యాక గోదాములో మిగిలిపోయిన తయారీ. ఈ నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు.

ఎంపికకు ముందు తూకం

పద్ధతిని ఎంచుకోవడానికి సమావేశం పెట్టేకంటే ముందు కాటా కొనడం మంచిది. చాలా చోట్ల తుక్కు అంతా ఒకే పెట్టెలో పడుతుంది, నెలాఖరున ఒకే అంకెగా లెక్కకు వస్తుంది, అమ్మేస్తే వచ్చిన డబ్బు ఆదాయంగా కనిపిస్తుంది. ఆ ఒక్క అంకె నుంచి ఏ నిర్ణయమూ పుట్టదు. ఒక్కో యంత్రం దగ్గర కారణాలవారీగా వేరువేరు పెట్టెలు ఉంచి (సెట్టింగ్ పీసులు ఒకదాంట్లో, రిజెక్టయినవి ఇంకొకదాంట్లో, కోత ముక్కలు వేరొకదాంట్లో) ప్రతి షిఫ్ట్ చివర తూచి రాసుకుంటే, అన్ని ప్రధాన ఉత్పత్తులూ కనీసం ఒకసారి నడిచేదాకా ఆ పని సాగిస్తే, ఏ నష్టం పెద్దదో కళ్లకు కడుతుంది. కొద్ది కారణాలే ఎక్కువ నష్టాన్ని తెస్తాయని నాణ్యతా రంగంలో జోసెఫ్ జురాన్ ప్రచారంలోకి తెచ్చిన పరేటో సూత్రం చెబుతుంది. తూకం పట్టికను పెద్దది మొదలు చిన్నది చివర అన్న వరసలో రాసి చూస్తే, అది మీ దగ్గర ఎంతవరకు నిజమో వెంటనే తెలుస్తుంది.

తూకంతో పాటు చేయవలసిన లెక్క ఇంకొకటి ఉంది. స్టోర్స్ నుంచి బయటికి వచ్చిన సరుకు బరువులోంచి మంచి ఉత్పత్తిలోకి చేరిన బరువును తీసేసి, మిగిలినదాన్ని పెట్టెల్లోని తుక్కు బరువుతో సరిపోల్చాలి. ఆ రెండు అంకెలూ కలవకపోతే ఆ తేడాను కాటా పొరపాటని కొట్టిపారేయకూడదు. ఆవిరై పోయిన ద్రావణి, దుమ్ముగా గొట్టాల్లోకి పోయిన పొడి, కడిగినప్పుడు మురుగులోకి పోయిన రంగు, ఎక్కడా రాయకుండా మళ్లీ కరిగించి వాడేసిన ముక్కలు ఆ తేడాలోనే దాగి ఉంటాయి. అసలు పెట్టెలోకే రాని నష్టం కూడా ఉంది. డ్రాయింగులో 2 మిల్లీమీటర్లు ఉండాల్సిన గోడ మందం 2.1 మిల్లీమీటర్లు వస్తే ఆ వస్తువు తనిఖీలో పాసవుతుంది, కానీ ఆ గోడకు పట్టే సరుకులో 5 శాతం అదనంగా వినియోగదారుడికి ఉచితంగా వెళ్లిపోతుంది. తుక్కు పెట్టెను మాత్రమే చూసేవారికి ఈ నష్టం ఎన్నటికీ కనబడదు. అందువల్ల మంచి వస్తువులను కూడా కొన్నింటిని తీసి డ్రాయింగు ప్రకారం ఉండవలసిన బరువుతో పోల్చి చూడడం ఈ తూకంలో భాగం కావాలి.

కైజెన్: కారణం కంటికి కనిపించే చోట

కైజెన్‌కు పేరు తెచ్చినవి యుద్ధానంతర జపాన్ కర్మాగారాలు. టొయోటాలో ఉద్యోగుల సూచనల విధానం 1951లో మొదలైంది. అక్కడే తాయిచి ఓనో వృథాను ఏడు రకాలుగా విడదీశాడు: మితిమీరిన ఉత్పత్తి, నిరీక్షణ, రవాణా, అనవసర ప్రక్రియ, నిల్వ, అనవసర కదలిక, లోపాలు. ముడిసరుకు కోణం నుంచి చూస్తే వీటిలో మితిమీరిన ఉత్పత్తి, అనవసర ప్రక్రియ, నిల్వ, లోపాలు నేరుగా సరుకును తింటాయి. మిగిలిన మూడూ ప్రధానంగా సమయాన్ని తింటాయి. కైజెన్ చేపట్టాక నడక దూరం తగ్గింది, స్థలం ఖాళీ అయింది, కానీ సరుకు వాడకం మాత్రం మారలేదని వాపోయే సంస్థలు సాధారణంగా ఈ తేడాను ముందుగా గమనించి ఉండవు. వృథా సరుకే లక్ష్యమైతే కైజెన్ బృందానికి ఆ మాట స్పష్టంగా చెప్పాలి, కొలమానం కూడా కిలోల్లోనే ఇవ్వాలి.

కైజెన్ బలం ఎక్కడుందో ఒక చిన్న పనిలో చూడవచ్చు. పొడి ముడిసరుకు 25 కిలోల సంచుల్లో వస్తుంది. ఆపరేటరు సంచిని కోసి తొట్టిలోకి ఒంపి, రెండుసార్లు దులిపి పక్కన పడేస్తాడు. ఖాళీ సంచిని తిరగేసి కాగితం మీద దులిపి తూచితే అడుగు కుట్టు దగ్గర, మూలల మడతల్లో 100 గ్రాములు మిగిలిందనుకుందాం, అది 0.4 శాతం. ఈ 0.4 శాతం ఏ నివేదికలోనూ ఉండదు, దాని కోసం ఏ మేనేజరూ ప్రాజెక్టు పెట్టడు. తొట్టి పైన ఒక ఇనుప చట్రం బిగించి, సంచిని తలకిందులుగా వేలాడదీసి, తరువాతి సంచి కోసేదాకా అలాగే ఉంచితే చాలావరకు రాలిపోతుంది. ఈ ఆలోచన వచ్చేది రోజూ ఆ సంచులను మోసేవారికే. ఆ చట్రాన్ని సొంత వర్క్‌షాపులోనే వెల్డింగ్ చేసుకోవచ్చు. ఫలితం అదే రోజు తూకంలో కనిపిస్తుంది. జిగురు డబ్బా గోడలకు అంటుకుని మిగిలేది, ఫిల్మ్ రోలు చివర కోరు మీద వదిలేసే చుట్లు, లైను మీద నుంచి కింద పడి తొక్కుడుపడే భాగాలు, మొద్దుబారిన బ్లేడు వల్ల అంచులు చిరిగిన ముక్కలు అన్నీ ఇలాంటివే. కారణం చూడగానే తెలిసిపోయి, దిద్దుబాటు ఖర్చు తక్కువై, అక్కడ పనిచేసేవారి చేతిలోనే ఉన్నప్పుడు కైజెన్‌కు సాటి వచ్చే పద్ధతి లేదని నా గట్టి అభిప్రాయం.

అయితే దాని హద్దు కూడా అంతే స్పష్టం. ఒకే యంత్రం మీద ఉదయం బాగా వచ్చిన వస్తువు మధ్యాహ్నం ఎందుకు పగులుతోందో ఎవరికీ తెలియనప్పుడు, తలా ఒక కారణం చెబుతున్నప్పుడు, సూచనల పెట్టె దారి చూపదు. ఐదుసార్లు "ఎందుకు" అని అడిగే పద్ధతి కూడా అడిగేవారి ఊహను దాటి పోలేదు. ఉష్ణోగ్రత, తేమ, సరుకు బ్యాచి, అచ్చు వయసు ఒకదానితో ఒకటి కలిసి ప్రభావం చూపే చోట ఆ ప్రశ్నల గొలుసు ఏదో ఒక కొసను పట్టుకుని మిగతావాటిని వదిలేస్తుంది.

గణాంక పద్ధతులు: కారణం తెలియని చోట, హెచ్చుతగ్గులున్న చోట

ఈ దారికి పునాది 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన నియంత్రణ పటం, అంటే వరుస కొలతలను పై, కింది హద్దు గీతల మధ్య గుర్తించే పటం. ఏ ప్రక్రియలోనైనా సహజంగా ఉండే హెచ్చుతగ్గులు వేరు, ప్రత్యేక కారణం వల్ల వచ్చే మార్పు వేరు అన్నది దాని సారం. ఈ తేడా తెలియక జరిగే నష్టం చిన్నది కాదు. ఒక్క వస్తువు కొంచెం బరువు తగ్గగానే ఆపరేటరు నాబ్‌ను పైకి తిప్పుతాడు, తరువాతిది బరువెక్కగానే కిందికి తిప్పుతాడు. సహజమైన ఊగిసలాట మీద ఇతని ఊగిసలాట కూడా చేరి మొత్తం హెచ్చుతగ్గులు పెరుగుతాయి. 1950లో జపానులో ఉపన్యాసాలిచ్చిన అమెరికా గణాంకవేత్త డెమింగ్ తన జీవితమంతా హెచ్చరించినది ఈ రకం జోక్యం గురించే. కొన్ని సందర్భాల్లో నియంత్రణ పటం పెట్టి, పటం చెప్పేదాకా నాబ్ ముట్టుకోవద్దని నియమం పెట్టడమే సరుకును ఆదా చేస్తుంది.

సిక్స్ సిగ్మా దీనికి తరువాతి రూపం. 1986లో మోటరోలాలో బిల్ స్మిత్ దీన్ని మొదలుపెట్టాడు; పది లక్షల అవకాశాలకు 3.4 లోపాలన్న దాని లక్ష్యం బాగా ప్రచారమైంది. సమస్యను నిర్వచించడం, కొలవడం, విశ్లేషించడం, మెరుగుపరచడం, అదుపులో ఉంచడం అన్న ఐదు దశల్లో ప్రాజెక్టు నడుస్తుంది. ముడిసరుకు విషయంలో ఆ 3.4 అంకె వెంట పడవలసిన అవసరం చాలామందికి లేదు. వారికి పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది: హెచ్చుతగ్గులు తగ్గితే సగటును కిందికి దించుకోవచ్చు. పొట్లం మీద 500 గ్రాములని రాసి ఉందనుకుందాం. నింపే యంత్రం ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ బరువులు ఎంత ఊగుతున్నాయో చెప్పే కొలమానం) 4 గ్రాములు. వందకు రెండు మూడు పొట్లాలకు మించి 500 లోపు రాకూడదంటే సగటును రెండు విచలనాలు పైకి, అంటే 508 గ్రాముల దగ్గర పెట్టాలి. విచలనం 2 గ్రాములకు తగ్గితే అదే భద్రతతో సగటు 504 దగ్గర సరిపోతుంది. పొట్లానికి 4 గ్రాములు, లక్ష పొట్లాలకు 400 కిలోలు మిగులుతాయి. ఇక్కడ రిజెక్షన్లు పెరగలేదు, తగ్గలేదు. తుక్కు పెట్టెలో మార్పేమీ లేదు. అయినా సరుకు మిగిలింది. పూత మందం, ఫిల్మ్ మందం, కేబుల్ మీది తొడుగు, గాజు సీసా బరువు అన్నింటికీ ఇదే లెక్క వర్తిస్తుంది. బరువుల విషయంలో వర్తించే చట్టం అనుమతించే హద్దులను మాత్రం ముందే చూసుకోవాలి.

ఈ దారి ఎంచుకునేముందు రెండు విషయాలు పరిశీలించుకోవాలి. మొదటిది కొలత పరికరం. ఒకే వస్తువును ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా వస్తుంటే, ఒకరే రెండుసార్లు కొలిచినా తేడా వస్తుంటే, రిజెక్టయిన వాటిలో కొన్ని నిజానికి మంచివే అయి ఉండవచ్చు. అలాంటి చోట ఆ కొలత పరికరాన్ని సరిచేయడంతోనే తుక్కు తగ్గుతుంది. రెండోది ఉత్పత్తి పరిమాణం. రోజుకు వేల సంఖ్యలో ఒకే వస్తువు తయారయ్యే చోట సమాచారం సులువుగా దొరుకుతుంది. నెలకు ఒకటి రెండు చొప్పున ఒక్కో రకం తయారుచేసే చోట ఈ పద్ధతి శ్రమకు తగ్గ ఫలమివ్వదు. శిక్షణ పొందినవారు కావాలి, ప్రాజెక్టుకు నెలలు పడతాయి. చూడగానే కారణం తెలిసే సమస్య మీద ఇంత బలగాన్ని దించడం కూడా ఒక వృథాయే.

మొదలుపెట్టేటప్పటి నష్టం: టీపీఎం, స్మెడ్

తూకంలో సెట్టింగ్ పీసులు, వార్మప్ తుక్కు, రంగు మార్చేటప్పుడు బ్యారెల్ శుభ్రం చేయడానికి పోసిన ప్లాస్టిక్ పెద్ద వాటాగా తేలితే ఎంపిక ఈ రెండింటి మధ్య ఉంటుంది. జపానులో సెయిచి నకజిమ రూపుదిద్దిన టీపీఎం యంత్రం చేసే నష్టాలను ఆరుగా వర్గీకరిస్తుంది. వాటిలో యంత్రం నడక మొదలైనప్పటి నుంచి నిలకడకు వచ్చేదాకా పోయే సరుకు ఒకటి, నడుస్తుండగా వచ్చే లోపాలు ఇంకొకటి. పదేపదే ఆగి మళ్లీ మొదలయ్యే యంత్రం ప్రతి ఆగుడుకూ కొంత సరుకును మింగుతుంది. అంటే ఆగుళ్ల సంఖ్యను లెక్కబెట్టి, ఒక్కో ఆగుడు తరువాత ఎన్ని పీసులు పోతున్నాయో చూస్తే, మరమ్మతు విభాగం పనిలోనే సరుకు ఆదా ఎంత దాగి ఉందో తెలుస్తుంది. ఆపరేటరే రోజూ తుడిచి, నూనె వేసి, బోల్టులు చూసుకునే అలవాటు టీపీఎంకు గుండెకాయ. పాత యంత్రాలున్న చోట ఇది బాగా ఫలిస్తుంది, కానీ అలవాటుగా స్థిరపడడానికి ఓపిక కావాలి.

స్మెడ్ షిగెయో షింగో పేరుతో ముడిపడినది. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకు డై మార్చడానికి పట్టే నాలుగు గంటలను మొదట గంటన్నరకు, ఆ తరువాత మూడు నిమిషాలకు కుదించిన ఉదంతం ప్రసిద్ధం. యంత్రం ఆగి ఉన్నప్పుడే చేయవలసిన పనులను, నడుస్తుండగానే చేసి పెట్టుకోగల పనులను విడదీయడం దాని కిటుకు. ముడిసరుకు ఆదా కోసం స్మెడ్ ఎంచుకునేవారు మాత్రం ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి: అది సమయాన్ని తగ్గిస్తుంది, ఒక్కో మార్పిడికి పోయే సరుకును దానంతటది తగ్గించదు. మార్పిడికి మూడు గంటలు పట్టేటప్పుడు నెలకు 10 మార్పిడులు, ఒక్కోదానికి 12 కిలోల సెట్టింగ్ తుక్కు, వెరసి 120 కిలోలు అనుకుందాం. సమయం 40 నిమిషాలకు దిగగానే ప్లానింగ్ విభాగం చిన్న బ్యాచులకు మొగ్గి నెలకు 25 మార్పిడులు చేయిస్తే తుక్కు 300 కిలోలవుతుంది. గోదాములో నిల్వ తగ్గడం వల్ల గడువు దాటి పారేసేది తగ్గవచ్చు, కానీ ఆ ఆదా ఈ 180 కిలోల అదనపు నష్టాన్ని మించుతుందో లేదో లెక్క వేసే తీరాలి. కాబట్టి స్మెడ్‌తో పాటే మొదటి పీసే మంచి పీసుగా రావాలన్న లక్ష్యం పెట్టాలి: ఉష్ణోగ్రత, పీడనం, వేగం విలువలను అచ్చువారీగా రాసిపెట్టడం, కంటితో చూసి సర్దే చోట పిన్నులు, స్టాపర్లు బిగించడం, అచ్చును యంత్రం మీదికి ఎక్కించకముందే వేడిచేయడం, లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లేలా వరస కూర్చడం. చివరిదానికి కాగితం, పెన్సిలు తప్ప ఖర్చు లేదు. దీన్ని ఎవరైనా ముందుగా చేసుకోవచ్చు.

ఆకారం వల్ల పోయేది: ఇంజనీరింగ్ నిర్ణయం

కొన్ని నష్టాలను ఎంత శ్రద్ధగా పనిచేసినా తగ్గించలేం, ఎందుకంటే వాటిని డిజైనే నిర్ణయించేసింది. 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి బిళ్లను ఒకే వరుసలో పట్టీలోంచి కోస్తున్నామనుకుందాం. బిళ్లకూ బిళ్లకూ మధ్యా, అంచుల్లోనూ 2 మిల్లీమీటర్ల చొప్పున వదిలితే పట్టీ వెడల్పు 104, ఒక బిళ్ల మొదలు నుంచి తరువాతి బిళ్ల మొదలు దాకా దూరం 102 మిల్లీమీటర్లు. పట్టీలో 74 శాతం మాత్రమే బిళ్లగా మారుతుంది. రెండు వరుసలను ఒకదాని సందులోకి ఇంకొకటి జరిగేలా అమరిస్తే పట్టీ వెడల్పు సుమారు 192 మిల్లీమీటర్లయి, వాడకం 80 శాతానికి చేరుతుంది. మూడు వరుసలకు 82 శాతం దాటుతుంది. అనంతమైన షీటులో, మధ్యలో ఖాళీ ఏమీ వదలకుండా వృత్తాలను అమర్చినా 90.7 శాతం దాటడానికి జ్యామితి ఒప్పుకోదు. మొదటి అమరికలో ఆపరేటరు ఎంత మనసుపెట్టినా 26 శాతం పోయి తీరుతుంది. అతన్ని నిందించినా, పోస్టర్లు అంటించినా ఒక్క శాతం తిరిగి రాదు. రెండో అమరికకు కొత్త డై కావాలి, వెడల్పాటి కాయిల్ కావాలి, ప్రెస్సుకు ఆ సామర్థ్యం ఉండాలి. ఆ పెట్టుబడి ఎన్నాళ్లలో తిరిగి వస్తుందో ఏడాదికి వాడే టన్నులను బట్టి లెక్కించుకోవాలి.

రకరకాల కొలతల్లో ముక్కలు కోసే చోట (కాగితం రోళ్లు, కడ్డీలు, ప్లైవుడ్, గాజు, గుడ్డ) ఇది గణిత సమస్య. 1939లోనే లియొనిద్ కాంటొరోవిచ్ పదార్థాల కోతను గణిత సమీకరణాల్లో పెట్టాడు. 1961లో గిల్మోర్, గొమోరీ పెద్ద సమస్యలకు కూడా పనికొచ్చే పరిష్కార మార్గం చూపారు. ముక్కలను షీటులో తక్కువ వృథాతో అమర్చే నేటి నెస్టింగ్ సాఫ్ట్‌వేర్లు ఈ ఆలోచనల సంతతే. సాఫ్ట్‌వేర్ కొనే ముందు గమనించవలసినది ఆర్డర్ల తీరు: ఒక్కో ఆర్డరును విడిగా కోస్తుంటే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా పెద్దగా చేయగలిగింది ఉండదు, రెండు మూడు రోజుల ఆర్డర్లను కలిపి ఒకేసారి అమర్చే వెసులుబాటు ఇస్తే చిన్న ముక్కలు పెద్ద ముక్కల సందుల్లో సర్దుకుంటాయి. అలాగే సరఫరాదారు నుంచి వచ్చే షీటు కొలతను మార్చమని అడగడం చాలామందికి తట్టదు. ఏళ్ల తరబడి ఒకే కొలత తెప్పిస్తూ, ప్రతి షీటు అంచున ఒకే వెడల్పు ముక్కను పారేస్తున్న చోట, ఒక్క కొనుగోలు ఉత్తరం అన్ని పద్ధతులకంటే ఎక్కువ ఆదా చేయగలదు.

ప్లాస్టిక్‌లో రన్నరుది కూడా ఇదే కథ. కాలువలను వేడిగానే ఉంచే హాట్ రన్నరు అచ్చు పెడితే రన్నరు గట్టిపడదు కనుక ఆ నష్టమే ఉండదు, కానీ అచ్చు ఖర్చు బాగా పెరుగుతుంది, తరచూ రంగులు మార్చేవారికి శుభ్రం చేయడం కష్టమవుతుంది. ఎక్కువ సంఖ్యలో ఒకే రంగు వస్తువు చేసేవారికి హాట్ రన్నరు; చిన్న బ్యాచులు, చాలా రంగులు ఉన్నవారికి సన్నని, పొట్టి రన్నరున్న మామూలు అచ్చు. రన్నర్లను మళ్లీ నలగ్గొట్టి వాడుతున్నాం కాబట్టి నష్టం లేదన్న వాదనతో నేను ఏకీభవించను. నలగ్గొట్టడానికి కరెంటు, మనిషి, సమయం కావాలి. ప్రతిసారీ వేడెక్కి ప్లాస్టిక్ బలం కొంత తగ్గుతుంది. మురికి చేరే అవకాశం పెరుగుతుంది. పారేయడం కంటే తిరిగి వాడడం మంచిదే, కానీ పుట్టకుండా చేయడం దానికంటే మేలైనది, లెక్కల్లో ఈ రెండింటినీ వేరుగా చూపాలి.

ఎంఎఫ్‌సీఏ: యాజమాన్యాన్ని ఒప్పించవలసిన చోట

ముడిసరుకు ప్రవాహ వ్యయ గణన అని చెప్పదగిన ఈ పద్ధతి 1990ల్లో జర్మనీలో రూపుదిద్దుకుని, తరువాత జపానులో విస్తరించి, 2011లో ఐఎస్‌ఓ 14051 ప్రమాణంగా వెలువడింది. ఇది సరుకును స్వయంగా ఆదా చేయదు. తుక్కుకు అసలు ఖర్చు ఎంతో చూపిస్తుంది. వెయ్యి కిలోలు లోపలికి వెళ్లి 800 కిలోల ఉత్పత్తి, 200 కిలోల తుక్కు వచ్చాయనుకుందాం. సరుకు ఖర్చు 100 పాళ్లు, కరెంటు, కూలి, యంత్రాల ఖర్చు 40 పాళ్లు, తుక్కును వదిలించుకునే ఖర్చు 2 పాళ్లు. మామూలు ఖాతాల్లో తుక్కు పేరుతో కనిపించేది ఆ 2 పాళ్లే. ఈ పద్ధతిలో 140 పాళ్లలో ఐదో వంతు, అంటే 28 పాళ్లు కూడా తుక్కు ఖాతాకే చేరి మొత్తం 30 అవుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా కొత్త డైకు డబ్బు మంజూరవుతుందా లేదా అన్నదాన్ని తేల్చేస్తుంది. ఎన్ని దశలు ఎక్కువ ఉంటే ఈ లెక్క అంత అవసరం: ఐదు దశల్లో ఒక్కోదానిలో 97 శాతం మంచి వస్తే చివరికి మిగిలేది 86 శాతం లోపే, పైగా ఐదో దశలో పోయిన వస్తువు నాలుగు దశల ఖర్చును మోసుకునే పోతుంది. కిలోల్లో చిన్నదైన చివరి దశ తుక్కు, డబ్బులో మొదటి దశ తుక్కును మించవచ్చు. మొత్తం కర్మాగారానికి ఒకేసారి చేయబూనకుండా, ఒక్క లైనుకు, ఒక్క నెలకు చేసి చూపితే సరిపోతుంది.

ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే

తక్కువమంది ఉన్న చిన్న యూనిట్ అయితే తూకం పట్టిక, కైజెన్, ఆర్డర్ల వరస సర్దుబాటు ఈ మూడింటితో మొదలుపెట్టాలి. వీటికి బయటి సలహాదారులు అక్కరలేదు. పెద్ద ఎత్తున ఒకే వస్తువు తయారుచేస్తూ, రిజెక్షన్ శాతం ఏళ్లుగా ఒకే చోట నిలిచిపోయి ఉంటే గణాంక ప్రాజెక్టుకు వెళ్లాలి. నిలిచిపోయిందంటేనే కంటికి కనిపించే కారణాలు అయిపోయాయని అర్థం. ఆకారపు నష్టమే అత్యధికమైతే కైజెన్ సమావేశాలతో కాలయాపన చేయకుండా డిజైనర్లను, టూల్‌రూమును కూర్చోబెట్టాలి. నిల్వలో పాడయ్యేదే ఎక్కువైతే ఉత్పత్తి విభాగాన్ని వదిలి, కొనుగోళ్లు, అమ్మకాల అంచనాలు చూసేవారి దగ్గరికి వెళ్లాలి. గిరాకీని మించి తయారుచేయడాన్ని ఓనో వృథాలన్నింటిలోకీ చెడ్డదిగా భావించింది ఇందుకే.

ఒకేసారి మూడు నాలుగు పద్ధతులు మొదలుపెట్టవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది, మనుషులు అలిసిపోతారు, ఆరు నెలల తరువాత గోడల మీద పటాలు తప్ప ఏమీ మిగలవు. తుక్కు తగ్గింపుకు వ్యక్తిగత బహుమతులు, జరిమానాలు పెట్టడం ఇంకా ప్రమాదకరం. అలా పెట్టిన చోట తుక్కు తగ్గదు, కనబడకుండా పోతుంది: రిజెక్టు కావలసినవి మంచివాటిలో కలుస్తాయి, రాత్రి షిఫ్ట్ తుక్కు పగటి షిఫ్ట్ పెట్టెలోకి చేరుతుంది, తూకం పట్టిక మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకం పోతే ఏ పద్ధతీ పనిచేయదు, ఎందుకంటే అన్నింటికీ ఆధారం షిఫ్ట్ చివర ఒక మనిషి నిజాయితీగా రాసే అంకె. బహుమతి ఇవ్వదలచుకుంటే జట్టు మొత్తానికి ఇవ్వాలి, తుక్కు కారణాన్ని ఉన్నదున్నట్టు రాసినందుకు ఎవరికీ మాట రాకుండా చూడాలి.

ఎంచుకున్న పద్ధతి ఫలితమిచ్చాక కొత్త విధానాన్ని పని సూచనల్లో రాసి, యంత్రం దగ్గరే అంటించి, కొత్తగా చేరినవారికి దాన్నే నేర్పాలి. అలా చేయకపోతే ఆపరేటరు మారగానే పాత తుక్కు తిరిగి వస్తుంది. మూడు నెలలకొకసారి పూర్తి తూకం మళ్లీ వేయాలి. అప్పుడు పట్టికలో మొదటి వరుసలో ఉన్న కారణం మారి ఉంటే, దానికి తగ్గట్టు పద్ధతినీ మార్చుకోవడానికి వెనుకాడకూడదు: పొడి సంచులతో మొదలైన కైజెన్ బృందానికి తరువాతి వంతులో నియంత్రణ పటం నేర్పవలసి రావచ్చు, ఆ తరువాత ఆ బృందంలోనే ఒకరిద్దరిని కొత్త డై డ్రాయింగు చర్చకు పిలవవలసి రావచ్చు.